కాలమ్ నడుస్తున్నది

పీహెచ్‌డీల నాలుగో ఏడు.
కెమిస్ట్రీ బ్లాకు, మొదటి అంతస్తు.
గాజు గొట్టంల సిలికా నింపి
పైనుంచి మూణ్నెల్ల కష్టం పోసి
కింద పరీక్షనాళికలు వరుసగ పెట్టుకొని కూసున్న.

చుక్క.
మళ్లొక చుక్క.
తొందరపెడితే రంగులు కలిసిపోతయి.
ఈ చదువు నాకు ఖచ్చితంగ నేర్పింది ఇదొక్కటే.

ఇయర్‌ఫోన్ల ఎడమది పనిచేస్తలేదు.
ఫెలోషిప్ ఎనిమిది నెలలాయె రాక,
కొత్తవి కొననీకి చెయ్యాడదు.
అందుకే లోకంల ఉన్న పాటలన్ని
నాకు కుడిదిక్కు నుంచే తెలుసు.
తబలా దొరికితే సితార్ ఎటో పోతది.

సీటిచ్చిన్నాడు ఇంటర్వ్యూల
ప్రశ్నలన్ని ఒడిసినంక
వామన్‌రావు సార్ కాగితాలు సర్దుకుంట అడిగిండు:
"హాబీలేంటమ్మా?"
"సంగీతం వింట సార్."
"ఎలాంటిది?"
నోరు నాకంటె ముందే ఉరికింది:
"క్లాసికల్."

ఇంకో ప్రశ్న అడగలే. బతికిపోయిన.
మళ్ల ఎప్పుడడుగుతడోనని జడుసుకొని
ఆర్నెల్లు నిజంగనే విన్న.
రాగాల పేర్లు మూలకాల పట్టిక లెక్క బట్టీ కొట్టిన.
కల్యాణికీ శంకరాభరణానికీ తేడా
ఒక్క మెట్టంటరు,
ఆ మెట్టు కాడ నేను చానా సార్లు బోర్ల పడ్డ.
ఒకనాడు రాత్రి రెండింటికి,
నాలుగోసారి పాడైన రియాక్షన్ ముందట,
తోడి నా దగ్గరికి తానే వచ్చి కూసున్నది.
అబద్ధానికి పుట్టిన ఇష్టం.
అయితేంది, ఇష్టమే.

ఆనాడు చెప్పంది ఏందంటె
పరకాల బ్యాండుల సాంబయ్య మామ క్లారినెట్.
ఎర్ర కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు,
మోకాళ్ల దాక దుమ్ము.
లగ్గాల సీజన్ల బరాత్ ముందట ఊది ఊది
పెదవులు పగిలి వెన్నపూస రాసుకునేటోడు.
ఎవలేం అడిగితే అది ఊదేటోడు.
కని ఒక పాటకూ ఇంకో పాటకూ నడుమ,
పెండ్లికొడుకు దోస్తులు చిల్లర కోసం కొట్లాడేటప్పుడు,
డప్పులోళ్లు మంట కాడ తోలు కాపేటప్పుడు,
ఎవలూ అడగంది ఒకటి ఊదేటోడు.
మూడో నాలుగో స్వరాలు, గంతే.
"గదేం పాట మామా?" అంటె
"పాట గాదు బిడ్డా,
ఊపిరి సరిచూస్కుంటున్న" అన్నడు.

హాస్టల్ల నా రూమ్మేట్ తబస్సుమ్.
గోడలదిరే గిటార్లు, గొంతు చించుకునే పాటలు ఆమెకు.
"కాజీపేట దర్గా పక్కన పుట్టినవు,
ఖవ్వాలీలు వింటవనుకున్న" అన్న.
"కెమిస్ట్రీ చదివినవు,
చాయ్ అన్న మంచిగ పెడ్తవనుకున్న" అన్నది.
అప్పటిసంది ఎవలనూ ఏం వింటరని అడుగుత లేను.

నిన్న సాయంత్రం లాబుల ఎవలు లేరని
అక్క లగ్గంల రికార్డు చేసిన మామ క్లారినెట్
ఫోన్ల పెద్దగ పెట్టిన.
తలుపు తీస్కొని సార్ వచ్చిండు.
చెయ్యి ఫోను మీదికి పోయేలోపలనే అన్నడు:
"కాలమ్ ఎండిపోతోంది. సాల్వెంట్ పొయ్యి."
పోసిన. ఆయన మీటరు రీడింగు రాస్కొని ఎల్లిపోయిండు.
నాలుగేండ్ల భయం
ఒక బీకరు ఇథైల్ ఎసిటేటుల కొట్టుకపోయింది.

వెనకనే తాళాలు పట్టుకొని అటెండర్ కొమురెల్లి.
గడప కాడ ఆగి, తల వంచి,
"గిది పరకాల బ్యాండు గాదు?
మా తమ్ముని లగ్గంల వీళ్లే.
పైసలు ఇంక రెండు వేలు బాకున్నం" అన్నడు.
లైట్లు ఆర్పకుంట కొద్దిసేపు నిలబడ్డడు.

ఇయ్యాల మళ్ల మొదలు.
ముప్ఫై ఏడో నాళిక.
పసుపు పట్టీ నడుమల ఆగింది,
కిందికి వస్తదో రాదో.
కిటికీ అవతల క్రాస్ రోడ్డు మీద
ములుగు బస్సు హారన్ కొడుతున్నది.
కుడి చెవిల మామ
ఊపిరి సరిచూస్కుంటున్నడు.