రైలుకీ పడవకీ పోలిక

పలాస భవిత కేంద్రం
పాత సైన్సు ల్యాబు గదిలో.
కిటికీ అవతల జీడి బాయిలర్ల పొగ.
ఆ ఘాటుకి మొదటి నెలంతా తుమ్మాను,
ఇప్పుడు పొగ రాని ఆదివారాలే తలనొప్పి.

బల్ల మీద నా సరంజామా:
ఎరుపూ తెలుపూ దిమ్మలు తొమ్మిది,
బొమ్మల పుస్తకం, స్టాప్‌వాచీ,
ఎక్కడో పెద్ద నగరంలో
రెండు వేల మంది పిల్లల్ని కూర్చోబెట్టి
తయారుచేసిన పట్టిక.
ఆ రెండు వేలలో
జీడిపిక్క కొట్టిన చెయ్యి ఒక్కటైనా ఉందో లేదో
పట్టిక చెప్పదు.

ఎదురుగా బమ్మిడి పుణ్యవతి, తొమ్మిదేళ్ళు.
రిజిస్టర్లో ఆ పేరు, ఇంట్లో తవిటమ్మ.
ముందు ఇద్దరు దక్కలేదని
చేటలో పడుకోబెట్టి
పొరుగావిడకి తవుడుకి అమ్మి
మళ్ళీ తెచ్చుకున్నారట.
ఎన్ని శేర్ల తవుడు? అని అడగబోయి
నాలుక కరుచుకున్నాను.

మాస్టారు చీటీలో రాసిన మాట: నెమ్మది.
గుమ్మంలో నోటితో అన్న మాట: మొద్దు.

రైలుకీ పడవకీ పోలిక ఏమిటి?
వాహనాలు అంటే రెండు మార్కులు.
కదులుతాయి అంటే ఒకటి.
హౌరా బండి చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి
పిల్ల అంది:
"రెండూ మా అయ్యని పట్టుకెళిపోతాయి."

నూట పద్నాలుగో పేజీ
ఈ జవాబుని ఎరగదు.
సున్నా పెట్టాను.
పెన్సిలుతో.

దిమ్మలు.
వాచీ నొక్కగానే
రెండు చేతులూ ఒళ్ళోకి వెళ్ళి దాక్కున్నాయి.
రెండు నిమిషాలు, ఒక్క దిమ్మా కదల్లేదు.
మళ్ళీ సున్నా.

వాచీ తీసి సంచిలో పడేశాను.
కిటికీ వైపు తిరిగి మంచినీళ్ళు తాగుతున్నట్టు నటించాను.
వెనక చిన్న చప్పుళ్ళు.
అన్నిటినీ ముందు నిండు రంగుకి తిప్పింది,
తర్వాత కావలసినవి మాత్రం
ఒక్కొక్కటే సగం సగం రంగుకి.
"ఇవి గుండ్లు, ఇవి బద్దలు" అని గొణుక్కుంటూ,
వాళ్ళమ్మ పప్పు ఏరినట్టే.
ఏడు నిమిషాలు పట్టింది.
బొమ్మ అచ్చంగా వచ్చింది.
పట్టికలో దానికి గడి లేదు.

అమ్మ బయట మెట్టు మీద, సగం కూలి పోగొట్టుకుని.
జీడిసొనకి వేలిముద్రలు అరిగిపోయాయి,
రేషను మిషను ఆవిణ్ణి గుర్తుపట్టదు.
కళ్ళు మూసుకుని మాత్రం
రెండువందల నలభయ్యో మూడువందల ఇరవయ్యో చెప్పేస్తుంది.
"గింజ చిన్నదయ్యేకొద్దీ నంబరు పెద్దదవుతాదమ్మా,
మీ లెక్క అలాక్కాదేటి?"

కాదు.
మా లెక్క అలా కాదు.

ఈ పుస్తకాన్ని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక.
కానీ నిరుడు మందసలో ఒక గుంటడు.
ఊరూ బడీ కలిసి తెలివితక్కువోడన్నారు,
నేనూ చూడగానే అదే అనుకున్నాను.
ఇదే పుస్తకం, ఇదే వాచీ
బొమ్మల లెక్కలో వాణ్ణి ఎత్తి నిలబెట్టాయి.
వాడికి లేనిది వినికిడి.
ఆ రోజు తప్పింది నా కన్ను.
దాని మీద ఏ తూనికల శాఖ ముద్రా లేదు.

ఈ పిల్లకీ నంబరు కావాలి.
నంబరు లేకపోతే పరీక్షలో అదనపు సమయం రాదు,
వారానికి రెండు రోజులు టీచరు రాదు.
నంబరు ఉంటే
అది ముందు నడుస్తుంది, పిల్ల వెనక.

ఫారం చివర "ఇతర విషయాలు",
ఒకటిన్నర అంగుళం.
రైలు, పడవ, అయ్య, గుండ్లు, బద్దలు, ఏడు నిమిషాలు
చీమతలంత అక్షరాల్లో కుక్కాను.
చోటు చాలక అంచు మీదకెక్కాను,
పంచింగు మిషను కన్నం పొడిచే చోటికి.
శ్రీకాకుళంలో కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయికి
ఆ అంచుతో పనిలేదు, తెలుసు.

గుమ్మం దాటి వెళ్ళిన పిల్ల
మళ్ళీ వెనక్కొచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని.
"మేడమ్, నువ్వు రాసినప్పుడు
నీకెన్నొచ్చాయేటి?"

సంచిలో వాచీ ఇంకా తిరుగుతూనే ఉంది.
ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది.