వెల్లుల్లి తిన్న సోమవారం

పదిహేడేళ్లు నా నాలుక కంపెనీది.
ట్రియెస్తే రేవులో ఓడలు దింపిన పచ్చి కాఫీ గింజల్ని
వేయించి, పొడి కొట్టి, వేడినీళ్లు పోసి
వరసగా పెట్టిన గిన్నెల మీదికి వంగి
చెంచాతో జుర్రుమని పీల్చి, ఉమ్మేసి
ఇది మట్టి, ఇది తడిసిన గోనె,
ఇదిగో ఇది మాత్రం నారింజ తొక్క, కొనండి
అని చెప్పడం నా పని.

నియామక పత్రంలో రాయని షరతు ఒకటుండేది:
వారం రోజుల్లో వెల్లుల్లి కూడదు.
పచ్చి ఉల్లిపాయ కూడదు. అత్తరు సరేసరి.
మా ఇంట్లో పొయ్యి శనివారం నిద్రలేచేది.
లివియో సార్డీన్ చేపలు వేయించేవాడు, వీధంతా తెలిసేలా.
ఆదివారం మధ్యాహ్నానికి నేను మళ్లీ చప్పిడి మనిషిని.

ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చాను.
ఎవరూ పొమ్మనలేదు.
ఉండమని గట్టిగా అన్నవాళ్లూ లేరు.
తుల్లియో బ్యాడ్జీ, తాళంచెవి, రెండు తెల్ల ఏప్రన్లు
లెక్కపెట్టి తీసుకున్నాడు.
చెంచా? అన్నాడు.
చెంచా నాది. చేరిన రోజు మా మేనత్త మిల్కా ఇచ్చింది.
ఆ గదిలో నా సొంతం అదొక్కటేనని
అప్పటిదాకా నాకూ తెలీదు.

బయట బోరా గాలి.
మనుషులు కొట్టుకుపోకుండా ఒకప్పుడు
ఈ వీధుల పొడుగునా తాళ్లు కట్టేవారట.
ఇప్పుడు కట్టడం లేదు.

సోమవారం ఎనిమిదింటికి
బస్సు మా కిటికీ కింద ఆగి, తలుపు తెరిచి,
ఎవరికోసమో కాస్త చూసి వెళ్లిపోయింది.
నేను నాలుగు రెబ్బలు దంచి
నూనెతో రొట్టెకి పూసి
వంటింట్లో నిలబడే తిన్నాను.
కళ్లలో నీళ్లొచ్చాయి.
వెల్లుల్లికే.

మధ్యాహ్నం ఫోను. సరిహద్దు అవతల కోపర్ నుంచి
బోరుత్ అని ఒక వ్యాపారి:
ఇథియోపియా సరుకు, నలభై నమూనాలు,
రేపు పొద్దున్నే రాగలరా?
వస్తానన్నాను,
ఫోనులోంచి వాసన పోతుందేమోనన్నట్టు
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ రాత్రి పాలు తాగాను, ఆపిల్ నమిలాను,
పార్స్లీ కట్టంతా మేకలా మేశాను.
లివియో పడీపడీ నవ్వాడు.
ఆ 'కూడదు' కంపెనీదనుకున్నాను,
ఏప్రన్లతో పాటు అప్పజెప్పి వచ్చాననుకున్నాను.
అది నా వెంటే బస్సెక్కి ఇంటికొచ్చింది.
ఇప్పుడు దానికి శనివారాలు కూడా లేవు.

రెక్కాడితే గాని డొక్కాడదంటారు,
నాకు నాలుకాడాలి.
ఇదివరకు జలుబంటే రెండ్రోజుల సెలవు, నిమ్మకాయ టీ, నవల.
ఇప్పుడు బస్సులో పక్కవాడు తుమ్మితే
నా నెల అద్దె తుమ్మినట్టుంటుంది.

జీతం ఇరవయ్యేడో తారీఖున వచ్చేది,
అడక్కుండా, పొద్దుగూకినట్టు.
ఇప్పుడు బిల్లు నేనే రాయాలి.
పైన పదకొండంకెల పన్ను నంబరు, కింద తేదీ,
మధ్యలో ఖాళీ గడి.
యెమెన్ గింజకి కళ్లు మూసుకుని వెల కట్టగలను.
నా మంగళవారం ఎంత?

బిల్లు నంబరు ఒకటి అని మాత్రం వేయకు, అంది ఓర్నెల్లా.
వంతెనల నక్షాలు గీస్తుంది తను,
నాకంటే ఆరేళ్ల ముందే ఈ గాలిలోకొచ్చింది.
ఒకటి చూస్తే బేరానికి దిగుతారు, నలభై ఏడు వెయ్యి.
వేశాను.
గిన్నెలో ఉన్నది ఉన్నట్టు చెప్పీ చెప్పీ
పాడైపోయిన నోరు నాది.
కొట్టేసి ఒకటే వేశాను.
బోరుత్ బేరమాడాడు.
అరవై రోజులకి డబ్బు పంపాడు.

ఏప్రిల్లో తుల్లియో ఫోను.
కొత్తగా చేరినమ్మాయికి మట్టివాసన పట్టుబడలేదట,
ఒక ఓడ సరుకంతా మీద పడిందట.
కాసేపు బోరా గురించి మాట్లాడి
ఎంత తీసుకుంటావు జ్దెంకా, అన్నాడు.
పదిహేడేళ్లలో ఆ మాట
ఆ గొంతులో వినడం ఇదే మొదలు.
చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం.
సరే, ఈ శనివారం రా.

శనివారం కుదరదన్నాను.
ఆ రోజు లివియో సార్డీన్లు వేయిస్తాడు.