తరుగు

ఎనుమాముల యార్డుల పొద్దు పొడవకముందే
గాలి గొంతు పట్టుకుంటది.
మిర్చి సీజన్ల నిద్ర లేచుడే దగ్గుతోని.
ముక్కుకు తువ్వాల గట్టుకొని
కాంటా ముందట నిలవడుత.
నేను దడ్వాయిని.
మా నాయినా దడ్వాయే.
ఆయన ఇనుప రాళ్లు మోసిండు,
నేను ఎర్రటి అంకెలు సదువుత.

నలభై దినాల ఉపాసాలూ గీ మిర్చి కాలమూ
ఏటేటా కలిసే వస్తయ్.
పొద్దుగూకేదాక మంచినీళ్ల మీదుంట,
బస్తాకు రెండు కిలోలు మింగుత.

తరుగు అంటరు దాన్ని.
తేమ తరుగు, మట్టి తరుగు, గోనెసంచి తరుగు,
ఏ పేరు దొరకకుంటే ఊరికే తరుగు.
నలభై మూడని అంకె వెలుగుతది,
నా నోరు నలభై ఒకటంటది.
గుమస్తా రాసుకుంటడు.
ఆ రెండు కిలోలు సేటువి.
నావి మాపటికి జేబుల వడే మూడు నోట్లు.
ఇరవై రెండేండ్ల సంది
నా కంటికీ నోటికీ నడుమ
గంతే ఎడం.

ఆదివారం మాత్రం నేను నికార్సు తూకం.
కాశిబుగ్గ గల్లీల రేకుల మందిరం,
కరుణమ్మ ఇస్త్రీ జేసిన తెల్ల అంగీ,
డోలకు మీద నా చెయ్యి వడితే
మోకాళ్ల నొప్పుల ముసలవ్వలు గూడ లేచి నిలవడుతరు.
"జకరయ్య సాక్ష్యం జెప్పాలె" అంటడు పాస్టరయ్య.
జెప్పిన.
కామెర్లు తగ్గిన సంగతి జెప్పిన,
బిడ్డకు నర్సింగుల సీటొచ్చిన సంగతి జెప్పిన.
రెండు కిలోల సంగతి ఎన్నడు జెప్పలే.
ఎవ్వరు అడగలే.
దేవుడు గూడ అడుగుత లేడనుకున్న.

మట్టలాదివారం ఎల్లిన తెల్లారి
నర్సంపేట దిక్కు తండా నుంచి
భూక్యా దేవ్‌లా, అతని పెండ్లాం, పద్దెనిమిది బస్తాలు.
మిర్చి ఏరి ఏరి ఆమె అరచేతులు
కాలినట్టున్నయ్.
చంటిదాన్ని వేళ్లు తగలకుండ
మోచేతుల నడుమ ఇరికించుకొని ఎత్తుకున్నది.
పిల్ల ముక్కు కారుతున్నది,
తుడువబోయి ఆగింది.

మొదటి బస్తా. నలభై నాలుగు.
నోరు తెరిచిన.
"నలభై నాలుగు" అన్న.

గుమస్తా పెన్ను ఆగింది.
"ఏందే జకరన్నా, ఎండ గొట్టిందా?"
రెండోది. "నలభై మూడున్నర."
హమాలీ ఓదెలు బస్తా భుజాన వెట్టుకొని
దించుడు మరిచి నన్నే జూసుకుంట నిలవడ్డడు.
పద్దెనిమిదింటికీ అంకె ఎట్లుంటే గట్లనే సదివిన.
గొంతు వణికింది, అబద్ధమెందుకు.
దేవ్‌లాకు ఏం సమజ్ కాలే.
తక్‌పట్టీ మడతవెట్టి జేబుల వెట్టుకొని
"బీడి ఉన్నదానే" అన్నడు.

ఆ మధ్యాన్నం సంది నన్ను పిలిచెటోళ్లు లేరు.
మంగళారం, బుధారం, గురువారం
చాయ బండి కాడ కూసొని
అవతలోళ్ల నోళ్ల నుంచి అంకెలు ఇన్న.
ఇనంగ ఇనంగ తెలిసింది,
తరుగు గూడ ఒక తీరు రాగమే.

"ఎందుకు జేసినవ్?" అన్నది కరుణమ్మ.
ఒక్క వాక్యం నోటికి రాలే.
"ఆమె చేతులు మంటలున్నయ్" అన్న.
పొయ్యి మీది గంజి వంపుకుంట
చానాసేపు ఊకున్నది.
"మరి ఇరవై రెండేండ్లయి?"

గుడ్ ఫ్రైడే నాడు యార్డు బందు.
పాత క్యాలెండరు బోర్లేసి లెక్కకు దిగిన.
రోజుకు ఎన్ని బస్తాలు, ఏటికి ఎన్ని రోజులు,
ఎవ్వల పేర్లు యాదికున్నయ్?
ఒక్క దేవ్‌లాది,
ఆయనకే నేను బాకీ లేను.
ఏప్రిల్ నిండింది, మే నిండింది,
కాయితం అయిపోయింది, లెక్క ఒడువలే.

ఈస్టరు ఎల్లినంక
మళ్ల తువ్వాల గట్టుకొని పోయిన.
పిలుస్తరో లేదో.
ఓదెలు చేతి మీద జర సున్నం వెట్టిండు,
ఏం మాట్లాడలే.
ఘాటు గట్లనే ఉన్నది.
"ప్రభువా" అన్న, దగ్గొచ్చింది.
మిగిలిన మాట నోటిదాక వచ్చి ఆగింది.
ఎన్నడు లేంది,
అనేముందు ఒకసారి
కాంటా మీద వెట్టి జూసుకున్న.