పది గోళ్ళు

మొదటి పొక్కు చెవి వెనకాల.
దోమ కుట్టిందనుకున్నాం.
తెల్లారేసరికి వీపు నిండా నీటిబొట్లు,
ఎండిన నల్లబండ మీద తొలి చినుకుల్లా.

"అమ్మవారు" అనింది జేజి.
తాళింపు పెట్టొద్దని పొయ్యికి కూడా చెప్పింది.
"చికెన్‌పాక్స్" అన్నాడు డాక్టరు.
గులాబిరంగు లోషను బుడ్డి చేతిలో పెట్టి
గోళ్ళు కత్తిరించు, గీకనీయొద్దు,
పెచ్చు దానంతటది రాలితే మచ్చ పడదు అన్నాడు.

తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టేవాణ్ణి నేను.
ఒక్క గీత పడితే బండ రెండో రకం,
రేటు సగం.
ఆ లెక్క ఇంటికి తేకూడదని
గేటు దగ్గరే మూడుసార్లు చేతులు కడిగినా
గోళ్ళ సందుల్లో రాతిగుజ్జు పోదు.
ముందు నావి కత్తిరించుకున్నా,
తర్వాత ఓబులేసువి.
పది నెలవంకలు
పాత క్యాలెండరు కాయితంలో.

రాత్రే అసలు పని.
పగలు టీవీ చూస్తా మర్చిపోతాడు,
కరెంటు పోయిన రాత్రి ఒళ్ళంతా ఒకటే నవ.
చేతులకు నా పాత సాక్సులు తొడిగితే
పళ్ళతో పీకి పారేస్తాడు.
వేపరెమ్మతో నిమిరితే కాసేపు.
"నాయనా, ఒక్కసారి గీక్కుంటా. ఒక్కటే."
"నీ మీద వద్దురా. ఇదిగో నా చెయ్యి,
ఎంత నవ పుడితే అంత గీకు."

గీకినాడు,
మొండిగోళ్ళతో,
మోచేతి నుంచి మణికట్టు దాకా,
కోపం తీరేదాకా,
నిద్దరొచ్చేదాకా.

మూలన జేజి మేలుకునే ఉంది.
ఆమె ముఖం నిండా గుంటలు.
చిన్నప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి,
ముక్కు దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పేది.
"మాది పెద్దమ్మవారు.
మా యమ్మ శెనక్కాయ చేనికి పోతా
నా చేతులు నులకతాడుతో మంచంకోడుకు కట్టింది.
విప్పుకున్యా."
అంతే చెప్పింది.
అటు తిరిగి పడుకుంది.

పదకొండో పొద్దు వేపాకు, పసుపు వేసి
నీళ్ళు పోసినాం.
పెచ్చులన్నీ రాలినాయి.
ఎడమ కనుబొమ్మ పైన మాత్రం
పెసరగింజంత గుంట.
అది ఏడో రాత్రిది.
రెండు షిఫ్టులు చేసొచ్చి
రవ్వంతసేపు కళ్ళు మూసినా.

జేజి దాని మీద వేలు పెట్టి చూసింది.
అదే వేలు తన చెంప మీద పెట్టుకుంది.
"ఇదేం లే, ఎదిగేకొద్దీ పూడిపోతుంది."

ఓబులేసు అద్దం అడిగినాడు.
చూసుకున్నాడు, పక్కన పెట్టినాడు.
నా చెయ్యి లాక్కుని
మోచెయ్యి దాకా తిప్పి తిప్పి చూసినాడు,
ఎక్కడన్నా గీత పడిందేమోనని.