ఎర్ర ఖాతా

దుకాణం ముంగట సున్నంతో గీసిన గుండ్రాలు
రెండు వానలకే పోయినయి.
అయినా తిర్పతమ్మ ఇప్పటికీ
రెండో గుండ్రమున్న జాగలనే నిలవడతది,
సంచి కాళ్లకాడ వెట్టుకొని.

ఏం నేర్చుకున్నవని అడిగితే ఏం చెప్పాలె?
చేతులు కడుగుడు నెల తిరగకముందే మర్సినం.
మాస్కు తక్కెడ కొక్కానికి వేలాడుతుంది,
మిరపపొడి కట్టేటప్పుడు పనికొస్తది.

ఎర్ర ఖాతా బుక్కు మాత్రం దాసిన.
అండ్ల ఒక పేజీ: మైబన్న, ఆటో.
లీటరు నూనె, కిలో శెక్కెర, బీడీ కట్ట.
రెండొందల పన్నెండు.

అంబులెన్సు రానన్న రాత్రి
కల్వకుర్తిల ఒక్క బండి కదలలే.
మా నాయినను ఎనక సీట్ల పండవెట్టి
నాగర్‌కర్నూల్ దవాఖానకు తోల్కపోయింది ఆయనే.
కిరాయి ఇయ్యబోతే
"ముందుగాల దమ్ము తిర్గనియ్" అన్నడు.
నాయిన నడుసుకుంట ఇంటికొచ్చిండు.
మైబన్న పోయిండు, పదకొండో రోజు.

ఆయనను తెచ్చిననాడు
షట్టరు దించుకొని ఉప్పు బస్తాల మీద కూసున్న.
రోడ్డు మీద జేసీబీ సప్పుడు ఇన్న.
భయమయింది. ఇంకో సాకు లేదు.

మొన్న ఆయన బిడ్డ చంద్రకళ వచ్చింది,
"మా నాయిన బాకీ ఎంత, సేటూ?"
బుక్కు తీసి ఎనకా ముందర తిప్పిన.
"రాసుడు తప్పు వడ్డది బిడ్డా,
బాకీ నా దిక్కున్నది."
ఆమెకు సమజ్ గాలే.
ఐదొందల నోటు గల్లపెట్టె మీద వెట్టి
చిల్లర కోసం నిలవడ్డది.
అదే నోటు మళ్ల చేతుల వెట్టిన,
ఇదే చిల్లర అన్న.

ఇప్పుడు దుకాణం ముంగట ఎవలన్న దగ్గితే
నీళ్ల చెంబు ముందటికి జరుపుత.
చెయ్యి జరంత వణుకుతది.
వణకనీ.