తడి నేల

మేముండేది పైన, ఎల్ ఆల్టోలో.
ఊపిరి కూడా లెక్కపెట్టుకుని వాడుకోవాల్సినంత పైన.
కింద, గిన్నె అడుగున మెరుస్తూ లా పాజ్ పట్నం.
అయినా మాటల్లో వాళ్ళే పైవాళ్ళు.

రోజూ సాయంత్రం తీగకు వేలాడే పెట్టెలో కిందికి దిగుతాను.
ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తు, ఇరవై నాలుగు కంప్యూటర్లు.
అక్షరాలు నాకు రావు, వాటి మురికి వచ్చు.
ఎడమ చివర ఒకటి అన్నిటికంటే ముందు నల్లబడుతుంది.
కుడివైపు, నెత్తిన చిన్న అల ఉన్నది మాత్రం
ఎప్పుడూ శుభ్రమే.
అది మన అయ్‌మారాలోనూ ఉందంటుంది నియెవెస్.

నియెవెస్ నా రెండో కూతురు. పదిహేనేళ్ళు.
తెల్లారి ఐదింటికి వాళ్ళ నాన్న మినీబస్సు తలుపు పట్టుకుని
"సెహా, సెహా, పెరెజ్!" అని కేకలేస్తుంది.
మధ్యాహ్నం బడి. సాయంత్రం మళ్ళీ తలుపు.
చిల్లర లెక్క దాని నాలుక చివర,
గొంతు మాత్రం గరుకు కాగితం.

కంప్యూటర్ క్లాసు ఉచితం అన్నారు. ఆడపిల్లలకే అన్నారు.
పోస్టరులో పిల్ల నవ్వుతోంది,
ఆ పళ్ళకి ఎంతయిందో.
ఉచితానికి వెళ్ళాలంటే మూడు బొలివియానోలు, రావాలంటే మూడు.
తొమ్మిదింటికి వదుల్తారు.
తొమ్మిది తర్వాత మా వీధిలో దీపాలుండవు, కుక్కలుంటాయి.
కుక్కలు కానివాళ్ళూ ఉంటారు.

పాఠాలు ఫోనుకు పంపుతామన్నారు.
ఫోను వాళ్ళ నాన్న జేబులో ఊరంతా తిరిగి వస్తుంది,
చార్జింగుంటే డబ్బులుండవు, డబ్బులుంటే చార్జింగుండదు.
రెండూ ఉన్న రాత్రి దాని తమ్ముడికి దొరుకుతుంది.
వాడు మగపిల్లాడు కదా అని మా ఇంట్లో ఎవరూ అనలేదు.
అనకుండానే ఫోను వాడి చేతిలో ఉంటుంది.
ఇచ్చేది నేనే.

దరఖాస్తు మీద వేలిముద్ర వేశాను.
తండ్రి సంతకం కావాలని తిప్పి పంపారు.
"ఇది క్లాసుకెళ్తే తలుపెవరు పట్టుకుంటారు?" అన్నాడాయన.
కోపం కాదు అది,
లెక్క.

మొన్న శనివారం నాతో తుడిచే టెక్లా రాలేదు.
"మీ అమ్మాయిని తెచ్చుకో, పని ఆగకూడదు" అన్నాడు కాపలా ఫెర్మిన్.
నియెవెస్ బకెట్ మోసుకుంటూ వచ్చింది.
నా గుడ్డ తగిలి పదకొండో కంప్యూటరు నిద్రలేచింది.
ఏదో అడుగుతోంది చూడు, అన్నాను.
ఐదేళ్ళుగా ఈ భవనంలో నన్నేదైనా అడిగింది అదొక్కటే.

"పాస్‌వర్డ్, అమ్మా."
అంటే?
"లోపలికి రానివ్వాలంటే చెప్పాల్సిన మాట."

కీబోర్డును తిరగేశాను.
రోజూ తిరగేసి తుడుస్తాను కదా,
అడుగున అంటించిన పసుపు చీటీ.
మూలలు చిరగకుండా ఐదేళ్ళుగా కాపాడుతున్నాను,
ఎవరో వాళ్ళ దేవుడి పేరు రాసుకున్నారనుకుని.

చదివింది. నవ్వలేదు.
కుర్చీ అంచున కూర్చుంది,
బస్సు తలుపు దగ్గర నిలబడ్డట్టే,
దిగమంటే దిగిపోవడానికి సిద్ధంగా.
నల్లబడే మీట, అల ఉన్న మీట,
దాని వేళ్ళ కింద ఒక్కోటీ టకటకమంటుంటే
నేను తుడిచినవన్నీ మాట్లాడుతున్నట్టుంది.

మెట్ల మీద ఫెర్మిన్ బూట్లు.
గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి
దాని కుర్చీ చుట్టూ నీళ్ళు పోశాను.
నేల ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు.
ఇక్కడ నా మాట చెల్లే నియమం
అదొక్కటే.

ఆ రాత్రి ఆ గదిని
నాలుగుసార్లు తడిపాను.