నీడ మూడో రాయికి

మస్కట్ నుంచి వచ్చిన పిల్లగాడు
పలకంత ఫోను పట్టుకొని
ఊరి గురించి చెప్పుమన్నడు.
నీళ్ల పెద్ద ఖల్ఫాన్‌కు చెవులు పోయి నాలుగేండ్లు.
గడ్డంతోని నా దిక్కు చూపిండు:
"బోశెట్టినడుగు."

అరబ్బీల 'ప' లేదు.
పోశెట్టిని బోశెట్టి చేసుకొని
పందొమ్మిదేండ్ల సంది పిలుస్తున్న ఊరిది.

రాసుకో కొడుకా.
పేరు హైల్ సిద్ర. సిద్ర అంటే రేగుచెట్టు.
చెట్టు ఇప్పుడు లేదు.
ఎక్కడుండేనో మేకలకు తెలుసు,
ఎండెక్కితే ఇప్పటికీ అక్కడికే పోయి
లేని నీడల నిలబడతయ్.
ఇటు కొండ, అటు కొండ, మాడిన రొట్టె రంగు.
నడుమ ఏడాదికొక్కసారి పారే వాగు.
ఆ ఒక్కసారికే అందరికీ భయం.
పైన మట్టి ఊరు, కూలింది. కింద సిమెంటు ఊరు.
రెంటి నడుమ ఆరువందల ఖర్జూరాలు,
వాటి కింద నిమ్మ, నిమ్మ కింద గడ్డి,
గడ్డి కింద తడి.
ఆ తడి ఎక్కడిదని అడగవేం?
అడగాల్సిందదే.

కొండ కడుపుల తల్లిబాయి ఉంది.
అక్కడ్నుంచి మనిషి వంగి నడిచేంత సొరంగం.
ఎవరు తవ్విండ్రో ఎవరికీ తెల్వదు.
జిన్నులంటది జువైనా ముసలమ్మ.
నేను దిగి పూడిక తీసినోణ్ని.
గోడల మీద ఉలి దెబ్బలది ఎడమచేతి వాటం.
జిన్నులకు చేతివాటం ఉంటదా?

చరిత్రనా?
ముందు లవంగాల వాసన రాయి.
ఖల్ఫాన్ తాత పడవెక్కి జాంజిబార్ పోయిండు,
తండ్రి ఉత్త చేతులతోని తిరిగొచ్చిండు.
అక్కడ పుట్టిన ఈ ముసలాయన
కోపమొస్తే ఇంకా స్వాహిలీలనే తిడతడు.
తర్వాతోళ్లు కువైట్ పోయి ఇటుకలు మోసిండ్రు,
బహ్రెయిన్ల దొరల అంట్లు తోమిండ్రు.
వాళ్ల ఉత్తరాలు చదివిపెట్టేటోడు ఊరికొక్కడట.
ఆడోళ్లందరి గుట్టూ తెలిసి
నోరు మెదపకుంటనే పోయిండు. ఆయన పేరు రాయకు.
అంటే వీళ్లూ వలసోళ్లే, పిల్లగా.
ఆ కాలంల వీళ్లను తెచ్చి
మా మెట్‌పల్లి బస్టాండుల కూసోబెడితే
ఎవరు ఎవరో చెప్పలేకపోదువు.

వంతుల సంగతి.
ఇక్కడ నీళ్లకు గడియారం, ఎండల పాతిన కర్ర.
నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే
ఒకరి వంతు అయిపోయినట్టు.
రాత్రయితే చుక్కలు. మబ్బు పట్టిందా, ఇగ నమ్మకమే.
మసీదుకొక వంతు,
మొగడు పోయిన నస్రాకు అరవంతు.
వంతు లేనోడు శుక్రవారం వేలంల కొనుక్కోవాలె.

మా అయ్య చెరువు తూముకాడ నీరటి.
పార పెడితే నీళ్లు తన మాట వింటయనేటోడు,
నేను నవ్వేటోణ్ని.
ఇక్కడికొచ్చిన రెండోనాడు
పాతగుడ్డ, రాయి, ఇంత మట్టిముద్ద పెట్టి
కాలువ మళ్లిస్తుంటే
ఖల్ఫాన్ నా చేతులనే చూసిండు.
పాస్‌పోర్టు చూసినోళ్లు శానామంది.
చేతులు చూసింది ఆయనొక్కడే.

జనమెంత అన్నడు.
పద్నాలుగు గడపలు, ఆరింటికి తాళం.
సోహార్ పోయినోళ్లు పండుగకొచ్చి తెరుస్తరు,
కాలువ చప్పుడుకు నిద్రపట్టలేదని
తెల్లారే కారెక్కుతరు.
సిల్హెట్ మతీన్ దుకాణం ఒకటి.
అప్పుల పుస్తకం బెంగాలీల రాస్తడు,
అందుకే లెక్కకాడ ఎవరూ కొట్లాడరు.

పిల్లగాడు అంతా చదివి వినిపించిండు.
స్వదేశీయులు నలభై ఒక్కరు.
ఇతరులు ఇద్దరు.
తప్పేం లేదు, లెక్క సరిపోయింది.
తల్లిబాయి లోతు గడి ఖాళీగుందన్నడు.
పదిహేడు నిలువులు, రాసుకో.
కొలిచిందెవరని రాయాలె?

నీడ మూడో రాయిని ముట్టింది.
నస్రా అరవంతు.
పార భుజానేసుకొని లేచిన.
"అడుగుతున్న గదా, పేరు చెప్పు" అంటున్నడు ఎనుకనుంచి.
ఏ అక్షరంతో చెప్పాలె?
అడ్డు పెట్టిన గుడ్డ తీస్తే
నీళ్లు ఎప్పటి లెక్కనే
కాళ్ల మీదుగా పోయినయ్.